గిటారు నాదము : పాత యంత్రములు, క్రొత్త యంత్రములు

ఇటీవలి కాలమున మన బిడ్డలలో గిటారు నేర్చుకొనువారి సంఖ్య పెరుగుచున్నది. వీణయు వయొలినును వినబడు ఇండ్లలోనే ఒక మూల ఎలక్ట్రిక్ గిటారు కూడ కనబడుచున్నది. దానితోపాటు మీటలును మరలును గల యొక చిన్న పెట్టె యుండును. దానిని మోడలరు అందురు. పెద్ద పెద్ద ఆంప్లిఫయర్ల నాదమును లెక్కల ద్వారమున అనుకరించు డిజిటల్ యంత్రమిది.

"నాలుగేండ్ల క్రిందట కొన్న పెట్టె పాతబడినదట. దానిలో అసలైన నాదము రాదట. క్రొత్తది కొనినగాని విద్య ముందుకు సాగదట. ఇది నిజమా, పిల్లవాని కోరికయా?" అని తలిదండ్రులు కొందరు మమ్ము అడుగుచుందురు. ప్రశ్న చిన్నది కాదు. క్రొత్త యంత్రములలో కొన్నిటి వెల ఒక సామాన్య కుటుంబపు నెల రాబడిని మించును. బిడ్డ మాటను త్రోసిపుచ్చినచో వాని ఉత్సాహము చల్లారును. విచారింపక నమ్మినచో ఇంటి లెక్క తప్పును. కావున ఈ యంత్రములు ఎట్లు పనిచేయునో, పాతవానికిని క్రొత్తవానికిని గల భేదము ఎచ్చట నున్నదో వివరింప బూనినాము.

మా సమాధానమును ముందుగనే చెప్పెదము. భేదము నిజముగా కలదు. అయితే అది పిల్లలు చెప్పుకొనునట్లు అన్ని చోట్లను లేదు. ముఖ్యముగా అది వ్రేలి స్పర్శకు యంత్రము బదులు చెప్పు తీరులో నున్నది. వినుటకు దోచు తక్కిన భేదములో పెద్దపాలు స్పీకరునకు సంబంధించినది. దానిని స్వల్పవ్యయముతో సరిచేసికొనవచ్చును.

గిటారునకు ఆంప్లిఫయరు ఏల?

మన వీణకు కుండ కలదు. బొబ్బిలిలో పనసదుంగను తొలిచి చేయు వీణను చూచినవారికి ఈ సంగతి తెలియును. తీగె మీటగా పుట్టిన కంపము ఆ బోలు కొయ్యలోనికి దిగి, అచ్చట నిండుదనము పొంది మన చెవికి వచ్చును. ఎలక్ట్రిక్ గిటారులలో అధికభాగమునకు అట్టి బోలుభాగము లేదు. అది గట్టి కొయ్యపలక. తీగెల క్రింద అయస్కాంతమును, దాని చుట్టు సన్నని రాగితీగె చుట్టయు నుండును. దానిని పికప్ అందురు. ఉక్కుతీగె కదలినప్పుడు ఆ చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. మన ఉన్నత తరగతులలో బోధించు ఫారడే నియమమే ఇచ్చట పనిచేయుచున్నది. ఆ విద్యుత్తును పెంచి స్పీకరునకు అందించునది ఆంప్లిఫయరు. కావున గిటారు విషయమున ఆంప్లిఫయరు కేవలము శబ్దమును పెద్దది చేయు సాధనము కాదు. వీణకు కుండ యెట్టిదో దీనికి అది అట్టిది. వాద్యములో సగము అదియే.

1950 దశకమున అమెరికాలోని కాలిఫోర్నియాలో ఫెండరు సంస్థవారి ఆంప్లిఫయర్లు ప్రసిద్ధి కెక్కినవి. 1962లో లండనులో వాద్యములమ్ము జిమ్ మార్షల్ అను వర్తకుడు తన పనివారిచేత, ఫెండరువారి బాస్‌మన్ అను నమూనా ననుసరించి, క్రొత్త ఆంప్లిఫయరు నొకదానిని చేయించెను. ఆంగ్లదేశముననే వాక్స్ ఏ.సి. 30 అనునదియు పేరొందెను. ఇవి యన్నియు వాల్వులతో పనిచేయునవి. పూర్వము మన ఇండ్లలో నుండిన వాల్వు రేడియోలను పెద్దలు మఱచి యుండరు. మీట త్రిప్పిన పిమ్మట కొంతసేపటికి వెచ్చబడి పలుకు రేడియోలవి. ఈ ఆంప్లిఫయర్లలోని వాల్వులును ఆ జాతివే.

వాల్వును దాని శక్తికి మించి పనిచేయించినప్పుడు అది తనకు వచ్చిన తరంగమును ఉన్నదున్నట్లు పెంచజాలదు. తరంగ శిఖరములను అణచివేయును. ఇంజనీరు దృష్టిలో ఇది లోపము. కాని వాద్యకారుల చెవికి అదియే ఇంపైనది. బొంగురుపోయి, దీర్ఘముగా నిలిచి, మనుష్యకంఠమువలె పలుకు గిటారు నాదము ఆ లోపమునుండియే పుట్టినది. నేటి మోడలర్ల శ్రమ యంతయు ఈ లోపమును యథాతథముగా అనుకరించుటకే.

నాదము అనగా నేమి?

ఒకే షడ్జమును వీణపైనను, వేణువుపైనను, హార్మోనియముపైనను పలికించినచో మూడింటికిని స్థాయి ఒక్కటియే. అయినను కన్నులు మూసికొనియే ఏది యేదో చెప్పగలము. కారణమేమన, ప్రతి స్వరమునందును మూలకంపముతోపాటు దానికి రెండురెట్లు, మూడురెట్లు, నాలుగురెట్లు వేగము గల కంపములు కలిసియుండును. భౌతికశాస్త్రమున వీనిని అనుస్వరములు అందురు. (అక్షరమాలలోని సున్నకును దీనికిని సంబంధము లేదు.) ఏ అనుస్వరము ఎంత పాలున నున్నదో, అది కాలక్రమమున ఎట్లు పెరిగి తగ్గుచున్నదో, దానినిబట్టి వాద్యపు గుణము ఏర్పడును. గిటారు విద్యార్థులు టోన్ అనునది ఇదియే.

గిటారు మంద్రతంత్రి విడిగా మీటినప్పుడు సెకనుకు సుమారు 82 కంపములు చేయును. పై తంత్రి చివరి మెట్లపై 1,100 కంపములకు పైబడును. వాల్వు ఆంప్లిఫయరు శిఖరముల నణచినప్పుడు మూలములో లేని అనుస్వరములు అనేకములు క్రొత్తగా పుట్టును. తీగెను మృదువుగా మీటినచో కొలది. గట్టిగా మీటినచో అధికము. అనగా ఈ నాదము స్థిరమైన రంగు కాదు, వ్రేలి బలమును అనుసరించి మారునది. ఈ సంగతిని చదువరులు మనసున నుంచుకొనగోరెదము. ముందు వచ్చు వివరణకు ఇదియే ఆధారము.

అనుకరణ యంత్రముల చరిత్ర

వాల్వు ఆంప్లిఫయరుతో చిక్కులు కలవు. అది బరువైనది. దాని సొగసైన నాదము పెద్ద శబ్దమున గాని రాదు, ఇరుగుపొరుగువారు సహింపరు. ఫెండరువారి ట్విన్ రివర్బ్ అను వాల్వు ఆంప్లిఫయరు సుమారు 29 కిలోల బరువుండును. అదే సంస్థ 2019లో వెలువరించిన దాని డిజిటల్ అనుకరణ సుమారు 15 కిలోలు మాత్రమే. ఈ ఒక్క పోలికయే అనుకరణ యంత్రముల అవసరమును చాటును.

మొదటి ప్రయత్నములు డిజిటల్ కావు. 1982లో బోస్టన్ అను వాద్యబృందమునకు చెందిన టామ్ షోల్జ్ రాక్‌మన్ అను చిన్న పెట్టెను వెలువరించెను. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని నిశ్శబ్దముగా సాధన చేయుటకు అది వీలు కల్పించెను. 1989లో శాన్స్‌ఆంప్ వచ్చెను. ఇవి ట్రాన్సిస్టరు జాతి పరికరములతో వాల్వు గుణమును అనుకరించినవి. 1995లో జపానుకు చెందిన రోలండ్ సంస్థ వీ.జీ. 8 అను యంత్రమును వెలువరించెను. గిటారు విషయమున డిజిటల్ అనుకరణకు అది తొలిమెట్టు. 1998లో అమెరికాలోని లైన్ సిక్స్ సంస్థ పాడ్ అను యంత్రమును తెచ్చెను. చిక్కుడుగింజ ఆకారమున, ఎఱ్ఱని రంగున నుండిన ఆ పెట్టెలో ఒక మీటను త్రిప్పి 16 విధముల ఆంప్లిఫయర్ల నాదములనుండి కోరినదానిని ఎన్నుకొనవచ్చును. అది విశేషముగా వ్యాపించి, మోడలరు అను మాటను సామాన్య వాద్యకారుల నోట నిలిపినది.

తరువాతి తరము 2006లో ఫ్రాక్టల్ ఆడియో సంస్థవారి యాక్స్-ఎఫ్.ఎక్స్.తో ఆరంభమైనదని చెప్పవచ్చును. 2011లో జర్మనీకి చెందిన క్రిస్టఫ్ కెంపర్ తన ప్రొఫైలరును లోకమునకు చూపెను. 2015లో లైన్ సిక్స్‌వారే హీలిక్స్‌ను తెచ్చిరి. ఫిన్లండుకు చెందిన న్యూరల్ డి.ఎస్.పి. సంస్థ 2020లో క్వాడ్ కార్టెక్స్‌ను ప్రకటించెను. 2022లో ఇటలీనుండి టోనెక్స్ వచ్చెను. న్యూరల్ ఆంప్ మోడలర్ అను ప్రోగ్రాము కంప్యూటరుపై ఉచితముగనే లభించుచున్నది.

పాత యంత్రముల పని, వాని కొఱతలు

పాత మోడలరు పని నిట్లు ఊహింపవచ్చును. గిటారునుండి వచ్చిన తరంగమును సెకనుకు నలుబది వేలకు పైగా మారులు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా మార్చును. మొదట కొన్ని పౌనఃపున్యములను తగ్గించి, కొన్నిటిని పెంచును. పిమ్మట వాల్వు శిఖరముల నణచు తీరును తెలుపు వక్రరేఖ గుండ ఆ అంకెలను నడపును. మరల కొంత వడపోసి, తుదకు స్పీకరు గుణమును చేర్చి, అంకెలను తిరిగి విద్యుత్తుగా మార్చును. మార్గము సరియైనదే. కాని 1990 దశకపు చిప్పుల గణనశక్తి స్వల్పము. అందువలన మూడు కొఱతలు మిగిలినవి.

మొదటిది దొంగస్వరముల బెడద. సెకనుకు 48,000 మారులు కొలుచు యంత్రము, అందులో సగము, అనగా 24,000 కంపముల వఱకు మాత్రమే సరిగా గుర్తింపగలదు. శిఖరముల నణచినప్పుడు పుట్టు అనుస్వరములు ఆ హద్దును దాటిపోవును. దాటినవి మాయము కావు. వెనుకకు మడిగి వినబడు స్వరములుగా మారును. సినిమాలో బండిచక్రము వెనుకకు తిరుగుచున్నట్లు కనబడుటకు ఏది కారణమో దీనికిని అదియే. ఒక ఉదాహరణము చూడుడు. 1,100 కంపముల స్వరమునకు 37వ అనుస్వరము 40,700. అది 48,000లో పోగా 7,300 కంపముల స్వరముగా మడిగి వచ్చును. 7,300 అనునది 1,100చే నిశ్శేషముగా భాగింపబడదు గనుక ఆ స్వరము మూలస్వరముతో శ్రుతి కలియదు. పై స్థాయిలో గట్టిగా వాయించునప్పుడు కొన్ని పాత యంత్రములలో వినబడు గాజుపెంకు గీచినట్టి కరకుదనమునకు ఇది యొక కారణము. లోపలి గణనను ఎన్నో రెట్లు వేగముగా నడిపి, హద్దును దూరమునకు జరిపినచో ఈ బెడద తగ్గును. క్రొత్త యంత్రములు దానికి వలయు శక్తి గలవి.

రెండవది స్పర్శ. నిజమైన వాల్వు ఆంప్లిఫయరులో ఒక భాగము మరియొక భాగమును లాగుచుండును. గట్టిగా మీటినప్పుడు లోపలి విద్యుత్ సరఫరా క్షణకాలము క్రుంగి, మరల తేరుకొనును. వాద్యకారునికి అది వ్రేళ్లక్రింద స్ప్రింగువలె తోచును. అంతేకాదు, గిటారుపై నున్న మీటను కొంచెము తగ్గించినచో బొంగురు తగ్గి స్వచ్ఛమైన నాదము వచ్చును. ఒకే వక్రరేఖను నమ్ముకొన్న పాత యంత్రములలో ఈ పరస్పర సంబంధము పలుచన. మృదువుగా మీటినను గట్టిగా మీటినను వానిలో భేదము తక్కువ.

మూడవది స్పీకరు. గిటారు స్పీకరు సంగీతపు రికార్డులు వినుటకు వాడు స్పీకరు వంటిది కాదు. సాధారణముగా 12 అంగుళముల వెడల్పు గల ఆ కాగితపు శంకువు సుమారు 5,000 కంపములకు పైన గల ధ్వనులను వేగముగా తగ్గించివేయును. దాని పెట్టె, దాని యెదుట మైకు నిలిపిన చోటు, ఇవియు నాదమును మార్చును. పాత యంత్రములు ఈ గుణమును కొలది వడపోతలతో సుమారుగా చిత్రించినవి.

క్రొత్త యంత్రముల మూడు మార్గములు

నేటి యంత్రములు మూడు విధముల అనుకరించును. మా వృత్తిలోని పోలికతోనే దీనిని చెప్పుట సులభము. ఒక విద్యార్థి సూత్రమును అర్థము చేసికొని లెక్క చేయును. రెండవవాడు నల్లబల్లపై నున్నదానిని శ్రద్ధగా ప్రతి తీసికొనును. మూడవవాడు వందలకొలది ఉదాహరణములు చూచి, సూత్రము చెప్పలేకున్నను సరియైన జవాబు వ్రాయనేర్చును.

యాక్స్-ఎఫ్.ఎక్స్., హీలిక్స్ వంటివి మొదటి విద్యార్థి జాతివి. ఆంప్లిఫయరులోని వలయమును భాగములుగా తీసికొని, ప్రతి భాగపు వర్తనను సమీకరణములతో గణించును. అందుచేత వానిపై మీటలను ఏ మేరకు త్రిప్పినను అసలు ఆంప్లిఫయరు వలెనే నాదము మారును. కెంపర్ ప్రొఫైలరు రెండవ జాతిది. ఎదుట నున్న నిజమైన ఆంప్లిఫయరులోనికి కొన్ని పరీక్షాధ్వనులను పంపి, బయటికి వచ్చినదానిని మైకుతో విని, కొద్ది నిమిషములలో దాని ముద్రను తీసికొనును. న్యూరల్ ఆంప్ మోడలర్, టోనెక్స్ మున్నగునవి మూడవ జాతివి. ఆంప్లిఫయరులోనికి పోయిన ధ్వనిని, వెలువడిన ధ్వనిని జతగా చూపి, నాడీజాలము వంటి గణితయంత్రమునకు శిక్షణ ఇచ్చెదరు. క్వాడ్ కార్టెక్స్ మొదటి మార్గమును ఈ మూడవ మార్గమును రెండింటిని అవలంబించినది.

రెండవ మూడవ మార్గములలో పోలిక ఆశ్చర్యకరముగా నుండును. కాని ఒక పరిమితి యున్నది. ముద్ర తీసిన వేళ ఆంప్లిఫయరు మీటలు ఎచ్చట నుండెనో ఆ స్థితికే సాధారణముగా అది నమ్మకమైనది. ఛాయాచిత్రములోని మనిషి మన యెదుట తల త్రిప్పడు గదా. మీటను చాలదూరము త్రిప్పినప్పుడు వచ్చు మార్పు యంత్రపు ఊహయే గాని ఆంప్లిఫయరు స్వభావము కాకపోవచ్చును. కావున క్రొత్తది యన్నంతమాత్రమున అన్నియు ఒకే తీరువని తలపరాదు.

స్పీకరు విషయమున అభివృద్ధి మఱింత స్పష్టమైనది. స్పీకరునకు ఒక్క క్షణికమైన ధ్వనిని ఇచ్చి, అది ఇచ్చు ప్రతిస్పందనను రికార్డు చేసి, ఆ ముద్రను గిటారు నాదమునకు గణితముతో చేర్చెదరు. దీనిని ఇంపల్స్ రెస్పాన్స్ అందురు, పిల్లలు ఐ.ఆర్. అని పిలుతురు. 48,000 కొలతల లెక్కన 2,048 కొలతల ముద్ర సెకనులో నూరింట నాలుగవ వంతుకు కొంచెము పైబడిన కాలమే. అంత చిన్న ముద్రలోనే స్పీకరు, దాని పెట్టె, మైకు మూడింటి గుణమును ఇమిడియుండును.

భేదము ఎచ్చట వినబడును?

బొంగురు లేని స్వచ్ఛమైన నాదమున, మంచి స్పీకరు గుండ వినినచో, పాతదానికిని క్రొత్తదానికిని భేదము స్వల్పము. అణచవలసిన శిఖరములు లేనప్పుడు అనుకరింపవలసినది కూడ తక్కువయే. మిక్కిలి బొంగురైన నాదమున తంత్రి మొదటి మీటులోని సూక్ష్మములు ఎటులైనను అణగిపోవును. దానికి తోడు డ్రమ్ములు, తక్కిన వాద్యములు కలిసినప్పుడు యంత్రపు వయస్సును పోల్చుట కష్టము. ఒంటరిగా, పై స్థాయిలో వాయించినప్పుడు మాత్రము ముందు చెప్పిన దొంగస్వరములు బయటపడవచ్చును.

భేదము అన్నిటికంటె ఎక్కువగా తెలియునది ఈ రెంటికిని నడుమ. మృదువుగా మీటిన స్వచ్ఛముగను, గట్టిగా మీటిన బొంగురుగను పలుకు అంచున యంత్రమును నిలిపి వాయించునప్పుడు క్రొత్త యంత్రము వ్రేలిని వెంబడించును; పాతది కొంత మొండికేయును. ఇచ్చట బిడ్డ "నా చేతికి ఇది బదులు చెప్పుట లేదు" అన్నచో ఆ మాటను తేలికగా తీసివేయరాదు. వానికి స్పర్శ తెలియవచ్చినదనుటకు అదియే గుర్తు. కేవలము యంత్రపు పేరును, దాని తెర వెడల్పును చెప్పి కోరినచో కొంత నిదానింపవచ్చును.

ఆలస్యమును గూర్చియు ఒక మాట. అంకెలుగా మార్చి, గణించి, తిరిగి ధ్వనిగా మార్చుటకు యంత్రమునకు కొంత కాలము పట్టును. ధ్వని గాలిలో సెకనులో వెయ్యవ వంతు కాలమునకు సుమారు 34 సెంటీమీటర్లు పోవును. కావున అట్టి వెయ్యవ వంతులు మూడు ఆలస్యమైనచో, ఆంప్లిఫయరునకు ఒక మీటరు దూరము జరిగి నిలుచుండి వాయించినట్లు. ఇది సాధనకు అడ్డు కాదు.

శబ్దము పెద్దదైన నాదము మంచిదా?

అంగడిలో పోల్చి చూచునప్పుడు మోసము చేయునది యంత్రము కాదు, మన చెవియే. 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనవలన, శబ్దము చిన్నదైనప్పుడు మన చెవికి మంద్రధ్వనులు మఱింత తక్కువగా వినబడునని తేలినది. అందుచేత రెండు యంత్రములలో ఒకటి ఏ కొంచెము పెద్దగా పలికినను అది నిండుగను, బ్రతికియున్నట్లును తోచును. అదే కారణమున ఇంటిలో రాత్రివేళ మెల్లగా సిద్ధము చేసికొన్న నాదము సభలో పెద్దగా వినిపించినప్పుడు గుమ్మని మ్రోగి చెడిపోవును. దానికి యంత్రము పాతదగుట కారణము కాదు.

కావున పోలిక ఈ విధముగా చేయుడు. ఒకే గిటారు, ఒకే స్పీకరు లేక ఒకే హెడ్‌ఫోను ఉండవలెను. రెండింటి శబ్దమును సమానము చేయవలెను. సెల్‌ఫోనులో శబ్దమును కొలుచు ప్రోగ్రాముతోనైనను సరిచూడవచ్చును. మరియొకరు యంత్రములను మార్చుచుండగా, ఏది పలుకుచున్నదో తెలియకుండ బిడ్డను అటువైపు తిరిగి వాయింపనీయుడు. పది మారులు మార్చి, ప్రతి మారును ఏదో చెప్పుమనుడు. ఊహతో చెప్పినవానికి సుమారు అయిదు సరిపోవును. తొమ్మిదియో పదియో సరిపోయినచో వాని చెవి నిజముగా భేదమును పట్టినది. ఈ పరీక్షలో ఖర్చు లేదు. బిడ్డ మాటకు గౌరవము కలదు.

పాత యంత్రమును సరిగా వాడుట

పాత యంత్రములను గూర్చి వినబడు ఫిర్యాదులు పెక్కింటికి మూలము వానిని తగిలించు తీరులోనే యున్నది. స్పీకరు గుణమును చేర్చిన నాదమును మరల గిటారు ఆంప్లిఫయరులోనికి పంపినచో, స్పీకరు గుణము రెండుమారులు చేరి, దుప్పటి కప్పినట్లు మూగవోవును. స్పీకరు గుణమును చేర్చకుండ ఇంటిలోని సంగీతపు స్పీకరులోనికి పంపినచో తేనెటీగల గుంపువలె రొదసేయును. సూత్రమిది: గిటారు ఆంప్లిఫయరులోనికి పోవునప్పుడు యంత్రములోని స్పీకరు అనుకరణను ఆపవలెను, హెడ్‌ఫోను, కంప్యూటరు, సభలోని మైకుసెట్టు, వీనిలోనికి పోవునప్పుడు దానిని ఉంచవలెను.

అంతకంటె మేలైన ఉపాయము మరియొకటి. ఇంట కంప్యూటరున్నచో, పాత యంత్రములోని స్పీకరు అనుకరణను ఆపి, దాని స్థానమున కంప్యూటరుపై ఉచితముగా దొరకు ప్రోగ్రాముతో మంచి స్పీకరు ముద్రను చేర్చవచ్చును. కొఱతలలో మూడవది ఇంతటితో చాలవరకు తీరును. పాత యంత్రము ఒక తరము ముందుకు జరిగినట్లే యగును.

అమెరికాలో నున్న బంధువులు తాము వాడి విడిచిన యంత్రములను మన పిల్లలకు పంపుట కలదు. అచ్చట విద్యుత్తు 120 వోల్టులు. ఇచ్చట 230 వోల్టులు. అడాప్టరుపై అచ్చుపడిన అంకెలను చదువకుండ గోడకు తగిలింపరాదు. 120 వోల్టులకు మాత్రమే చేసినది మాడిపోవును. తొలినాటి పాడ్ వంటి కొన్ని యంత్రములకు 9 వోల్టుల ఏ.సి. అడాప్టరు కావలెను, చూచుటకు అట్టిదే యైన డి.సి. అడాప్టరు పనికిరాదు.

ఎప్పుడు కొనవలెను?

నాదమునకు యంత్రము ఎంత ముఖ్యమో, చేయి ఎంత ముఖ్యమో తెలుపుటకు మన తెలుగువాడే యొక నిదర్శనము. పాలకొల్లున 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ పాశ్చాత్యమైన ఆ వాద్యమును ఎలక్ట్రిక్ వాద్యముగా మార్చి, దానిపై అయిదు ఒంటి తంత్రులు అమర్చి, కర్ణాటక సంగీతమున గమకములను పలికించెను. 2014లో ఆయన పరమపదించువఱకు లోకము మెచ్చినది ఆ గమకమును. విద్యుత్తు సాయము లేక ఆ చిన్న వాద్యముపై స్వరము అంతసేపు నిలువదు. వ్రేలి సాధన లేక నిలిచిన స్వరమునకు ప్రాణము రాదు. రెండును కావలెను. కాని వరుసలో చేయి ముందు.

అందుచేత ధనమును ఈ క్రమమున వెచ్చింపుడని మా సలహా. మొదట గురువునకు. పిమ్మట గిటారు మెట్లు, తంత్రుల ఎత్తు సరిచేయించుటకును, క్రొత్త తంత్రులకును. తరువాత మంచి హెడ్‌ఫోనునకో స్పీకరునకో. ఆ పిమ్మటనే మోడలరునకు. తుప్పుపట్టిన తంత్రిని ఏ క్రొత్త యంత్రమును మెఱపింపజాలదు. మొదటి రెండు మూడేండ్ల విద్యకు పాత యంత్రము చాలును. బిడ్డ సభలలో తఱచుగా వాయించుచున్నను, రికార్డింగు పని చేపట్టినను, పైన చెప్పిన పరీక్షలో నడిమి నాదమున భేదమును నిలకడగా గుర్తించుచున్నను, అప్పుడు క్రొత్తది కొనుట వ్యర్థము కాదు. అప్పుడైనను వెలలో అన్నిటికంటె పైదానినే కొననక్కరలేదు; ఇంట కంప్యూటరున్నవారు ఉచిత ప్రోగ్రాములతో ముందుగా ప్రయత్నించి చూడవచ్చును.

తలిదండ్రులారా, "పాతది చాలును" అను మాటయు, "క్రొత్తది కావలె" అను మాటయు, రెండును వినకుండ పలికినచో వట్టి పంతములే. ఒక ఆదివారము సాయంకాలము బిడ్డ ప్రక్కన కూర్చుండి, శబ్దమును సమానము చేసి, పది మారులు వినుడు. మీ చెవికి భేదము తెలియకున్నను నష్టము లేదు. బిడ్డ చెవికి తెలియుచున్నదో లేదో మీకు తెలియును. ఆ తరువాత కొన్నను, మానినను, ఆ నిర్ణయము ఇద్దరికిని సమ్మతమై యుండును. ఇదియే మా మనవి.